హత్నూర బడిలో నేను నొక్కిన బటను

మా నెల్లూరు వైపు నుంచి తిరుపతి వెళ్తారు, మద్రాసు వెళ్తారు, చేతిలో నాలుగు డబ్బులుంటే కాశీకి వెళ్తారు. పటాన్‌చెరు, సంగారెడ్డి చూసొద్దామని బయల్దేరిన మనిషిని నేనింతవరకు చూడలేదు. కాబట్టి చూసొచ్చిన నేనే రాయాలి. అక్కడి ప్రభుత్వంవారు పిలిపిస్తే వెళ్లానని మా వీధిలో చెప్పుకున్నాను. అదేం కాదు. పిలిచింది ఒక బడి పంతులమ్మ. రైలు టికెట్టు నేనే కొనుక్కున్నాను.

ఆమె పేరు పుష్పలీల. హత్నూర మండలంలో ఒక హైస్కూల్లో సైన్సు చెబుతుంది. కాపురం సంగారెడ్డిలో. నిరుడు పిల్లల్ని వెంటబెట్టుకుని రాకెట్లు ఎగిరే చోటు చూపించడానికి మా వైపు వచ్చింది. ఆ రాకెట్ల పనిలోనే నా జుట్టు నెరిసింది. రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూచోలేక, అలా వచ్చిన బడిపిల్లలకు దారి చూపిస్తుంటాను. ఆ రోజు వాన పట్టుకుంటే అందరూ మా వసారాలో తలదాచుకున్నారు. మా ఆవిడ పిల్లలకు బొరుగులు పెట్టి, పుష్పలీలను పక్కకు కూచోబెట్టుకుని నా చరిత్రంతా చెప్పేసింది.

ఆ చరిత్ర గుర్తు పెట్టుకుని పుష్పలీల ఈ జూలైలో ఫోన్ చేసింది. "మా ఊరి ఆడపిల్లలు ఇద్దరికి పాలిటెక్నిక్‌ల సీటొచ్చింది సార్. సునీత, శోభ. సోమవారం చేరాలె. ఇద్దరూ ఎనుకముందు ఆడుతున్నరు. మా దిక్కు ఆడపిల్లలు గా చదువుకు పోయినోళ్లే లేరు. మీరొచ్చి జెర మీ ముచ్చట చెప్పుండ్రి."

బయల్దేరేటప్పుడు మా ఆవిడ సంచిలో పులిహోర పొట్లం పెడుతూ, "అక్కడికి పొయ్యి కోతలు కోయబాక," అంది.

పటాన్‌చెరు

ఈ ఊరు కంటికి కనబడేకన్నా ముందు ముక్కుకు తగులుతుంది. ఆసుపత్రి మందుల వాసన, కాలిన రబ్బరు వాసన కలిపితే వచ్చే వాసన. బస్సులో వాళ్లెవరూ ముక్కు మూసుకోలేదు. నేనొక్కడినే మూసుకుంటే పక్కనాయన నాకేదో జబ్బనుకుని జరిగి కూచున్నాడు. మా ఊళ్లో ఎండు చేపల వాసనకు పరాయివాళ్లు ఇలాగే చేస్తే నవ్వుకునేవాణ్ని.

బస్టాండు ఎదురుగా చాయ్ తాగాను. పది రూపాయలు. మా వైపు గ్లాసు నిండా నురగ ఉంటుంది, కింద టీ ఉంటుంది. ఇక్కడ నురగ లేదు, చిన్న కప్పు, కానీ చిక్కదనానికి చెంచా నిలబడేలా ఉంది. నా పక్కన బల్ల మీద నూనె మరకల చొక్కాతో బీహారు కుర్రవాడు, లేతు మిషను మీద పనిచేసి వస్తున్నాడట. పదేళ్లుగా ఇక్కడే ఉన్నాడు, తెలుగు బాగానే వచ్చింది.

"ఏం పని కాకా మీది?"

"రాకెట్లు డిజైన్ చేసేవాణ్ని," అన్నాను.

అతను చాయ్ ఊదుకుంటూ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఆ కంపెనీల ఓవర్‌టైం ఉంటదా?"

"ఉండదు."

"అయితే ఏం ఫాయిదా," అని లేచి వెళ్లిపోయాడు.

డిజైన్ చేసిన మాట ఉత్తది. రాకెట్టు బొమ్మ గీసే గదిలోకి నేను జీవితంలో ఒక్కసారి వెళ్లాను. అదీ ఫ్యాను బాగు చేయడానికి వచ్చినవాడికి నిచ్చెన పట్టుకోవడానికి.

సంగారెడ్డి

కంది అనే ఊరు దాటేదాకా రోడ్డుకు అటూ ఇటూ మొక్కజొన్న చేలు, వాటి మధ్యలో పొగ గొట్టాలు. మా వైపు సముద్రం ఎప్పుడూ ఒక పక్కన ఉంటుంది కాబట్టి ఏ దిక్కుకు పోతున్నానో తెలుస్తుంది. ఇక్కడ ఎటు చూసినా నేలే. దిగాల్సిన చోటు దాటిపోయి, వెనక్కి నడుచుకుంటూ వచ్చాను.

పుష్పలీల, ఆమె భర్త ఇద్దరూ గుమ్మంలోనే ఉన్నారు. జొన్నరొట్టె, తలకాయ కూర. ఆ కూర రంగు చూడగానే ఆగలేక ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. తల ఎత్తి చూస్తే ఇంటిల్లిపాదీ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. నములుదామా అంటే చప్పుడవుతుంది, మింగుదామా అంటే బొమిక. ఆ ప్రార్థనలో నా ప్రయాణం గురించి, నా ఆరోగ్యం గురించి, నేను రేపు పిల్లలతో చెప్పబోయే మాటల గురించి కూడా దేవుడికి విన్నవించుకున్నారు. నేను బొమిక బుగ్గన పెట్టుకుని "ఆమేన్" అన్నాను.

"మీ దిక్కు చాపలు, మా దిక్కు తలకాయ," అన్నాడు పుష్పలీల భర్త ఇంకో రొట్టె వేస్తూ. "మొహమాటపడకుండ్రి సార్."

మొహమాటపడలేదు. ఆరు రొట్టెలు తిన్నాను. సరే, మూడు.

హత్నూర

మర్నాడు ఎర్రబస్సులో హత్నూర దిక్కు వెళ్లాం. రాత్రి వాన పడి బడి ముందంతా బురద. ఒక చెప్పు అందులోనే ఉండిపోయింది. ఎవరో పిల్లలు తవ్వి తీసి, బోరింగు కింద కడిగి ఇచ్చారు. నేను చెప్పులేసుకునేలోపే హెడ్మాస్టరు బంతిపూల దండ వేశాడు. ఈ ఏడు పది పాసైన పిల్లల్ని కూడా పిలిపించారు. బెంచీలు చాలక కింద కూచున్నారు.

"దేశం గర్వించే మహా శాస్త్రవేత్త, రాకెట్ ఇంజనీర్, శ్రీ రమణయ్య గారు," అన్నాడు హెడ్మాస్టరు. నేను సవరించలేదు. దండ మెడలో ఉన్నప్పుడు సవరించడం కష్టం.

గంటసేపు మాట్లాడాను. రాకెట్టు లేచేటప్పుడు నేల అదరడం, కిటికీ అద్దాలు గజగజలాడటం, సముద్రం మీద ఆ పొగ గంటలకొద్దీ విడిపోకుండా నిలబడటం, ఇవన్నీ నిజాలే చెప్పాను. మూడో బెంచీలో ఇద్దరు ఆడపిల్లలు ఒకళ్ల భుజానికి ఒకళ్లు ఆనుకుని వింటున్నారు. వాళ్లే సునీత, శోభ అని పుష్పలీల కంటితో చూపించింది. చివర్లో సునీత లేచింది.

"సార్, మీరు కొత్తగ పన్ల చేరినప్పుడు ఏం పని జేసిన్రు?"

గది వెనక నిలబడ్డ పుష్పలీల మొహం విప్పారింది. చెప్పండి అన్నట్టు తలూపింది. ఆ తలూపడం నేను చూశాను.

"చేరిన మొదటి రోజే నన్ను కంట్రోల్ రూములో కూచోబెట్టారమ్మా," అన్నాను. "కాలేజీలో బంగారు పతకం వచ్చింది కదా, పెద్దాఫీసరుకు నా సంగతి ముందే తెలుసు. రాకెట్టు ఎగిరే వేళకు, 'రమణయ్యా, నీ చెయ్యి మంచిది, నువ్వే నొక్కు' అన్నాడు. నొక్కాను. లేచింది."

చప్పట్లు ఎంతసేపు కొట్టారంటే పక్క తరగతి పిల్లలు కిటికీల్లోంచి తొంగిచూశారు. సునీత చప్పట్లు కొట్టింది, కూచుంది. శోభ ఆమె చెవిలో ఏదో అంది. పుష్పలీల కిటికీలోంచి బయటికి చూస్తోంది.

బడి వదిలాక గేటు దగ్గర పుష్పలీలా నేనూ నిలబడి ఉంటే సునీత వచ్చింది. నన్ను చూసి బెదిరినట్టు రెండు చేతులూ జోడించి, టీచరు వైపు తిరిగింది.

"టీచర్, నేను సోమవారం పోను. శోభ గూడ పోదంట. వాళ్ల పెద్దమ్మ ఇస్నాపూరు నుంచొచ్చింది, ఆమె ఎంబడి గిప్పుడే బస్సెక్కింది. ఆడ షెడ్డుల పని జూసిన్రంట."

"పొద్దుగాల దాక పోతా అంటివి గద బిడ్డా."

"సార్ చెప్పింది ఇన్నం గద టీచర్. గసొంటోళ్లకు అయితది. బంగారు పతకం, కంట్రోల్ రూము. మేం పొడి జల్లించేటోళ్లం." ఆ మాటలో కోపం లేదు, నిష్ఠూరం లేదు. దారిలో బురద ఉందని చెప్పినట్టు చెప్పింది. నాకు మళ్లీ దండం పెట్టి వెళ్లిపోయింది.

పుష్పలీల ఆ పిల్ల మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత నెమ్మదిగా అంది. "నేను మిమ్మల్ని పిలిచింది బటన్ కోసం కాదు సార్. జల్లెడ కోసం."

ఇప్పుడు మీకు కూడా చెప్పాలి. మా ఆవిడ ఆ వానరోజు చెప్పిన చరిత్ర ఇది. మా నాన్న పులికాటులో రొయ్యలు పట్టేవాడు. మావాళ్లలో పలక పట్టింది నేనే మొదలు. రాకెట్ల కేంద్రంలో నేను కూలీగా చేరాను. రాకెట్టు ఇంధనంలో ఒక తెల్లటి పొడి కలుస్తుంది. అందులో ఉండలు ఉండకూడదు. ఆ పొడిని జల్లించడం నా పని. నూలు బట్టలే కట్టుకోవాలి, ఒంటి మీద ఇనుప ముక్క ఉండకూడదు, షెడ్డు లోపలికి వెళ్లేముందు గుమ్మం దగ్గరి రాగి రేకు ముట్టుకోవాలి. ఒంట్లో ఉన్న కరెంటు అందులోకి దిగిపోవాలి, లేదంటే ఒక్క నిప్పురవ్వ చాలు. అలా జల్లిస్తూనే సాయంత్రాలు చదివాను. పరీక్షలు తప్పాను, మళ్లీ కట్టాను, మళ్లీ తప్పాను. నడి వయసులో ఇంజనీరునయ్యాను. రిటైరయ్యేనాటికి ఆ షెడ్డుకే పెద్దని. కంట్రోల్ రూము నేను అద్దాల్లోంచి చూశాను. రాకెట్టు ఎగిరే రోజున క్యాంటీను వాళ్లతో కలిసి రోడ్డు మీద నిలబడేవాణ్ని.

సునీతవాళ్ల అమ్మ ఒక మందుల పొడి షెడ్డులో జల్లెడ పడుతుంది. పది పరీక్షలయ్యాక సునీత కూడా వెళ్తోంది. మేస్త్రి ఆ పిల్లను పర్మనెంటు చేస్తానంటున్నాడు. ఇదంతా పుష్పలీల నాకు ఫోనులోనే చెప్పింది. తెలియక చేశానని అనడానికి కూడా వీల్లేదు.

నర్సింలు ఇంట్లో

సాయంత్రం నేనే వెళ్దామన్నాను. అబద్ధం. పుష్పలీల ముందు నడిచింది, నేను వెనక నడిచాను.

సునీత తండ్రి నర్సింలుది ఫ్యాక్టరీలో లారీలకు మూటలెత్తే పని. అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. తల్లి లచ్చమ్మ పొయ్యి దగ్గర రొట్టెలకు పిండి తీస్తోంది. నన్ను చూసి నర్సింలు గబగబా మంచం మీద దుప్పటి పరిచాడు.

"కూసోండ్రి సారూ. మా బిడ్డ చెప్పింది. గంత పెద్ద మనిషి మా ఇంటికొచ్చుడంటే..."

"నర్సింలూ, నేను పెద్దమనిషిని కాదబ్బయా," అని మొదలుపెట్టి, అంతా చెప్పాను. రొయ్యలు, కూలి, జల్లెడ, తప్పిన పరీక్షలు. బంగారు పతకం లేదు. బటను నేను నొక్కలేదు. నొక్కడానికి అసలు బటనే లేదు, చివరి నిమిషాలు కంప్యూటరే నడిపిస్తుంది.

"బటనే లేదా?" అన్నాడు నర్సింలు. అతనికి అదొక్కటే కష్టంగా తోచినట్టుంది.

సునీత గోడకానుకుని నిలబడి విన్నది. "గిప్పుడు చెప్పేది నిజమని ఎట్ల నమ్మాలె సార్? పొద్దుగాల చెప్పింది గూడ గింత మంచిగనే చెప్పిన్రు."

పుష్పలీల నోరు తెరవబోయింది. లచ్చమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు టీచరమ్మ. నువ్వు చెప్తె నువ్వు చెప్పినట్టయితది." జల్లెడలో జొన్నపిండి పోసి నా ముందు పెట్టింది. "మాటలెందుకు బిడ్డా. జల్లించుమను."

కింద కూచున్నాను. మోకాళ్లు రెండూ చప్పుడు చేశాయి. ఆ పని వదిలి ఎన్నేళ్లయిందో. జల్లెడ ఎడమ చేత్తో పట్టుకుని, ఊపకుండా, కుడి అరచేతి మొదలుతో అంచు మీద తడుతూ పోయాను. నాలుగు దెబ్బలకు పిండి సన్నగా, లేవకుండా దిగడం మొదలైంది.

లచ్చమ్మ పొయ్యిలో మంట తగ్గించి వచ్చి నా ఎదురుగా కూచుంది. నా చేతుల వైపు చూడలేదు, మొహం వైపు చూసింది.

"సునీతా, గిటు సూడే. మొకం పక్కకు పెట్టి, నోటి మూలకెల్లి గాలిడుస్తుండు. ఇంట్ల పిండి జల్లించేటోళ్లు గట్ల చెయ్యరు. షెడ్డుల చేసినోడే."

నేను మొహం తిప్పుకున్న సంగతి అప్పటిదాకా నాకే తెలియదు.

సునీత దగ్గరికి వచ్చి కూచుంది. తన చేతులు చాపి చూపించింది. గోళ్ల చుట్టూ తోలు తెల్లగా పగిలి ఉంది. "మీకు గూడ గిట్ల అయితుండెనా?"

"పెళ్లిచూపుల్లో మా మామ నాకు బొల్లి అనుకున్నాడమ్మా." ఇది నిజం, మా ఆవిడను అడగండి. లచ్చమ్మ నవ్వింది. సునీత నవ్వలేదు.

"మరి బడిల గిదెందుకు చెప్పలేదు?"

"సిగ్గయింది."

"జల్లించినందుకా?"

"అవును."

"నేను దినాం గదే పని చేస్తున్న సార్," అంది సునీత. "మరి నాకెంత సిగ్గుండాలె?"

జల్లెడ తిరగేసి అంచుకు పట్టిన పిండి దులిపాను. నర్సింలు "రొట్టె వెట్టు సారుకు," అన్నాడు భార్యతో. నేను జల్లించిన పిండితోనే రొట్టె చేసి, ఎండుమిరప తొక్కు వేసి పెట్టింది. ఎన్ని తిన్నానో ఈసారి రాయను.

లేచి వస్తుంటే సునీత అంది. "రేపు బడికి రండ్రి సార్. గీ ముచ్చట అందరి ముంగట చెప్పుండ్రి. అప్పుడు సూస్త."

మళ్లీ బడి

ఈసారి దండ లేదు, హెడ్మాస్టరు వేరే పనిలో ఉన్నాడు. నిలబడి మొత్తం చెప్పాను. నిన్నటి మాటలు ఏవేవి అబద్ధమో ఒక్కొక్కటీ విప్పుతుంటే పిల్లల మొహాలు వాడిపోవడం కనిపించింది. ముందు బెంచీ పిల్లవాడు చెయ్యెత్తి, "సార్, నిన్న చెప్పిందే మంచిగుండె," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అతను చెప్పింది నిజమే, నిన్నటిదే బాగుంది. అదే కదా దాంతో వచ్చిన చిక్కు.

నవ్వు అయిపోయాక వెనక నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. నిన్న ఎవరూ అడగనివి. కూలీగా ఉంటే పరీక్ష కట్టనిస్తారా. తప్పితే మళ్లీ ఎన్నిసార్లు కట్టొచ్చు. ఇంగ్లీషు రాకపోతే ఎట్ల. ఆడోళ్లను షెడ్డులోకి రానిస్తరా. తెలిసినవాటికి చెప్పాను, తెలియనివి తెలియవన్నాను. తెలియదు అనే మాట నా నోటికి అలవాటు లేదు, కొత్త పళ్లసెట్టులా అడ్డం పడుతోంది.

మూడో బెంచీలో సునీత ఒక్కతే కూచుంది. పక్కన చోటు ఖాళీ. ఎవరో జరగబోతే, "శోభది," అని ఆపింది.

శోభ తండ్రిని పుష్పలీల ఇస్నాపూరు పంపించింది. ఆయన ఆదివారం ఒక్కడే తిరిగొచ్చాడు. "రాదంట టీచరమ్మ. గా సదువులు పెద్దోళ్లకంట. పని మంచిగుందంట." ఆ పిల్ల ఏ షెడ్డులో ఉందో ఆయనకు తెలియదు. వాళ్ల పెద్దమ్మతోనే మాట్లాడి వచ్చేశాడు, శోభ కంటపడనేలేదు.

సోమవారం

సంగారెడ్డిలో పాలిటెక్నిక్ గేటు దాకా నర్సింలు, సునీతలతో నేనూ వెళ్లాను. లోపలికి అడుగు వేయబోతే నర్సింలు ఆపాడు.

"సారూ, నువ్వు ఈడనే ఉండు. లోపల పెద్ద సార్లుంటరు. మల్ల ఏమన్న చెప్తవు."

వెటకారం కాదు. నిజంగా భయపడే అన్నాడు. గేటు బయట మిర్చి బజ్జీల బండి దగ్గర నిలబడ్డాను. ఇక్కడ బజ్జీ మీద ఉల్లిపాయ ముక్కలు చల్లి నిమ్మకాయ పిండుతారు. మా వైపు మిరపకాయ పొట్టలో వాము కూరతారు. ఏది మేలో చెప్పలేను, ఆ రోజు నాకు రుచి తెలియలేదు.

మధ్యాహ్నానికి ఇద్దరూ బయటికి వచ్చారు. సునీత చేరింది. నర్సింలు మొహం తేటగా ఉంది, తువ్వాలతో చెమట తుడుచుకుంటున్నాడు. సునీత నా దగ్గరికి వచ్చి నిలబడింది. సంతోషిస్తుందని చూశాను.

"శోభ పేరు పిలిచిన్రు సార్. ఎవ్వరు పలుకలె. మల్లొకసారి పిలిచిన్రు. ఇగ కొట్టేసిన్రు."

ఇస్నాపూరు

తిరుగు ప్రయాణం అదే రోడ్డు. పటాన్‌చెరు బస్సులో కిటికీ పక్కన కూచున్నాను. ఇస్నాపూరు చౌరస్తా దగ్గర బస్సు ఆగింది. అదే వేళకు ఏదో షిఫ్టు వదిలినట్టుంది. పక్కన ఆటోలో ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు కూచున్నారు, అందరి తలలకూ గుడ్డలు కట్టి ఉన్నాయి, కనుబొమల మీద తెల్లటి పొడి. అందులోంచి ఒక పిల్ల నా వైపు వేలు చూపించింది. గుడ్డ కొంచెం పైకి జరిపితే తెలిసింది, శోభ.

"గాయినే," అంటోంది పక్కవాళ్లతో. "రాకెట్ బటన్ నొక్కిన సార్. మా బడికొచ్చిండు. మా ఊళ్లె బురదల చెప్పు ఇరికితె నేనే కడిగిచ్చిన."

ఆటోలో వాళ్లంతా తలలు బయటపెట్టి చూశారు. ఒక పెద్దావిడ దండం పెట్టింది. శోభ మొహంలో ఎంత గొప్ప కనిపించిందంటే, ఆ పిల్లకు తెలిసిన ప్రపంచంలోకెల్లా పెద్దవాణ్ని చూపిస్తున్నట్టుంది. ఆ పెద్దవాణ్ని నేను. నేను కూడా చెయ్యెత్తాను.

నోరు తెరిచి నిజం చెప్పేలోపే బస్సు కదిలిపోయిందని ఇక్కడ రాసి ముగించేద్దామనుకున్నాను. కదల్లేదు. ముందు ఒక లారీ అడ్డం తిరిగి దారి మూసేసింది. డ్రైవరు ఇంజను ఆపి కిందికి దిగాడు. ఆ ఆటో, నా కిటికీ పక్కపక్కనే ఉన్నాయి, చెయ్యి చాపితే అందేంత దగ్గర. శోభ నన్ను చూస్తూనే ఉంది. నేను చెయ్యి ఊపుతూనే ఉన్నాను.